లోకాలు అనేకం, సిలువ ఒక్కటి: చామర్స్, హ్యూయెల్ గ్రంథాలపై ఒక విమర్శ

ఇతర గ్రహాలపై ప్రాణులున్నాయా, ఉంటే క్రీస్తు మరణం వాటికి కూడా వర్తిస్తుందా అనే ప్రశ్న అంతరిక్ష నౌకల యుగంలో పుట్టింది కాదు. 1277లో పారిస్ బిషప్ ఎతియెన్ టాంపియె ఖండించిన సిద్ధాంతాలలో, దేవుడు ఒకటికంటే ఎక్కువ లోకాలను చేయలేడు అనే మాట కూడా ఉంది. అరిస్టాటిల్ తర్కం దేవుని శక్తికి హద్దు గీయరాదని దాని భావం. పదిహేనవ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ వేదాంతి వోరిలాంగ్ మరో అడుగు వేశాడు. వేరొక లోకంలో మనుష్యులుంటే ఈ భూమిపై క్రీస్తు పొందిన మరణమే వారినీ విమోచించడానికి చాలుననీ, ఆయన అక్కడికి వెళ్లి మరల మరణించడం తగదనీ రాశాడు. సంస్కరణ కాలంలో మెలంక్తన్ ఇందుకు భిన్నంగా తలచాడు. దేవుని కుమారుడు ఒక్కడే, ఆయన ఒక్కసారే మరణించి లేచాడు గనుక అనేక లోకాలను ఊహించరాదని ఆయన అభిప్రాయం.

ఈ చర్చ సంఘంలో అత్యంత తీవ్రంగా, అత్యంత విపులంగా సాగింది పందొమ్మిదవ శతాబ్దపు బ్రిటనులో. అందులో రెండు గ్రంథాలు ముఖ్యమైనవి. ఒకటి స్కాట్లాండు దైవసేవకుడు థామస్ చామర్స్ 1817లో ప్రచురించిన ఖగోళ శాస్త్ర ప్రసంగాలు. రెండవది కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల అధ్యక్షుడు విలియం హ్యూయెల్ 1853లో తన పేరు లేకుండా వెలువరించిన ‘లోకాల బహుత్వం’ అనే గ్రంథం. ఈ రెండింటినీ మన సెమినరీలలో చదివేవారు అరుదు. అయినా వాటిలోని వాదాలు మాత్రం మన పుల్పిట్ల మీద నేటికీ వినిపిస్తూనే ఉన్నాయి. ‘దేవుడు దేనినీ వ్యర్థంగా చేయడు గనుక అక్కడ కూడా ఎవరో ఉండి తీరాలి’ అనే బోధకుడు తనకు తెలియకుండానే చామర్స్ తరం వారి మాట పలుకుతున్నాడు. ‘క్రీస్తు ఈ భూమికే వచ్చాడు గనుక మరెక్కడా ఎవరూ లేరు’ అనే బోధకుడు మెలంక్తన్ వాదాన్నే తిరిగి చెబుతున్నాడు. హ్యూయెల్ మనసులోని భయం కూడా ఇదే. ఈ వాదాలలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అని ఇప్పుడు తేల్చడం సాధ్యం. ఎందుకంటే ఆ ఇద్దరికీ అందని సమాచారం మన చేతిలో ఉంది. సూర్యుని చుట్టూ కాక వేరే నక్షత్రాల చుట్టూ తిరుగుతున్నట్టు నిర్ధారణ అయిన గ్రహాల సంఖ్య 2025 సెప్టెంబరులో 6,000 దాటింది.

సవాలు విసిరినవాడు

ఈ చర్చకు నిప్పు రాజేసినవాడు థామస్ పెయిన్. 1794లో వెలువడిన ‘ఏజ్ ఆఫ్ రీజన్’లో అతని వాదం సారాంశం ఇది: దేవుడు లెక్కలేనన్ని లోకాలను చేశాడని నమ్మేవాడు క్రైస్తవ విశ్వాసాన్ని నిలుపుకోలేడు. నక్షత్రాలన్నీ సూర్యులైతే, ప్రతి సూర్యుని చుట్టూ గ్రహాలుంటే, వాటన్నిటినీ విడిచి సర్వశక్తిమంతుడు ఈ ఒక్క ధూళికణం మీద, ఒక స్త్రీ ఒక పండు తిన్నదన్న కారణంతో మరణించడానికి ఎందుకు వస్తాడు? లేక కుమారుడు ఒక లోకం నుండి మరో లోకానికి వెళ్తూ మరణాల వరుసలోనే కాలం గడుపుతున్నాడా? ఎగతాళిగా వేసినా ప్రశ్న బరువైనదే. ఎనిమిదవ కీర్తన రాసినవాడు ఆకాశం చూసి ఆశ్చర్యంతో అడిగిన ప్రశ్ననే పెయిన్ అవిశ్వాసంతో అడిగాడు.

చామర్స్ జవాబు

చామర్స్ పుల్పిట్ ఎక్కకముందే గణితం బోధించినవాడు. గ్లాస్గో నగరంలోని ట్రాన్ సంఘానికి కాపరిగా వచ్చిన 1815లోనే, నవంబరు నుండి, గురువారపు ఆరాధనలలో ఈ ప్రసంగాలు మొదలుపెట్టాడు. పనిదినం మధ్యలో వర్తకులు తమ వ్యాపారాలు విడిచి వచ్చి విన్నారు. 1817లో పుస్తకంగా రాగానే ఆ ఏడాదిలోనే తొమ్మిది ముద్రణలు, దాదాపు 20,000 ప్రతులు అమ్ముడుపోయాయి. మన దేశానికి కూడా ఆయనతో సంబంధం ఉంది. 1830లో కలకత్తాకు వచ్చి విద్యా మిషనరీగా ప్రసిద్ధుడైన అలెగ్జాండర్ డఫ్, సెంట్ ఆండ్రూస్‌లో ఆయన శిష్యుడే.

ఏడు ప్రసంగాలలో మొదటిది ఆకాశ వర్ణన. అందులోని వాగ్ధాటి ఈనాటి చెవికి కొంత అతిగా తోస్తుంది. రెండవ ప్రసంగంలో అసలు వాదం మొదలవుతుంది. క్రైస్తవ్యం ఈ భూమికే పరిమితమని పెయిన్ వంటివారు ఏ ఆధారంతో చెబుతున్నారు? ఇతర లోకాలలో దేవుని ఏర్పాట్లు ఏమిటో వారు చూసి వచ్చారా? ఆధారం లేని చోట ఊహను ఆపుకోవడమే న్యూటన్ నేర్పిన వినయం కదా! తర్కం తెలిసిన కాపరి మాట ఇది. ప్రత్యర్థి తన ఊహను శాస్త్రంగా చెలామణీ చేస్తున్నాడని ఎత్తి చూపడం ఇందులోని బలం.

నా దృష్టిలో ఈ గ్రంథానికి ప్రాణం మూడవ ప్రసంగం. పై లోకాలలో ఉండి భూమిని చూడటానికి వంగే దేవుని గూర్చిన 113వ కీర్తన దానికి మూలవాక్యం. టెలిస్కోపు, మైక్రోస్కోపు దాదాపు ఒకే కాలంలో మానవుని చేతికి వచ్చాయని చామర్స్ గుర్తు చేస్తాడు. ఒకటి ప్రతి నక్షత్రంలో ఒక వ్యవస్థను చూపింది. మరొకటి ప్రతి కణంలో ఒక లోకాన్ని చూపింది. ఒక ఆకు మీది నీటిబొట్టులోని ప్రాణికి కూడా అవయవాలమర్చి పోషించే దేవుడు, లోకాలు ఎన్ని ఉన్నా ఈ ఒక్క లోకాన్ని మరచిపోతాడా? దేవుని గొప్పతనం అంటే దూరంగా ఉండటం కాదు, ఎంత చిన్నదానికైనా పూర్తిగా సమీపంగా ఉండగలగడం. ఈ జవాబుకు ఇతర గ్రహాల మీద జనం ఉండనక్కరలేదు, లేకుండా ఉండనూ అక్కరలేదు. ఖగోళ శాస్త్రం ఎన్ని మలుపులు తిరిగినా ఈ వాదం చెక్కుచెదరకపోవడానికి కారణం అదే.

అయితే చామర్స్ అక్కడితో ఆగలేదు. నాలుగు నుండి ఆరవ ప్రసంగం వరకు ఇతర లోకాల నివాసులు భూమి సంగతులను ఎలా గమనిస్తున్నారో, వారి సానుభూతి ఎలాంటిదో వర్ణించుకుంటూ పోయాడు. 1 పేతురు 1:12లోని దూతల ఆసక్తి, లూకా 15:7లోని పరలోకపు సంతోషం, కొలొస్సయులకు 2:15లోని విజయయాత్ర ఆయనకు ఆధారాలయ్యాయి. ఇక్కడ మనం ఆయనను ప్రశ్నించక తప్పదు. లూకా 15వ అధ్యాయం పరిసయ్యుల సణుగుడుతో ఆరంభమవుతుంది. తొంభై తొమ్మిది గొర్రెలంటే పాపమెరుగని లోకాలు, తప్పిపోయిన ఒక్క గొర్రె మన భూమి అని చదవడం ఆదిమ సంఘంలో తొంభై తొమ్మిదిని దూతలుగా చదివిన ఉపమాన వ్యాఖ్యానానికి పొడిగింపే గాని వాక్యభావం కాదు. దూతలను గురించి లేఖనం చెప్పినదాన్ని గ్రహవాసులకు అంటగట్టడం అంతకన్నా పెద్ద దూకుడు. రెండవ ప్రసంగంలో పెయిన్‌కు నేర్పిన వినయాన్ని ఐదవ ప్రసంగంలో ప్రసంగీకుడే మరచిపోయాడు.

హ్యూయెల్: ఒక్కొక్క గ్రహాన్ని తూచి చూసినవాడు

హ్యూయెల్ సామాన్యుడు కాడు. ఇంగ్లీషులో ‘సైంటిస్ట్’ అనే మాటను పుట్టించినది ఆయనే. 1833లో రాసిన గ్రంథంలో అనేక లోకాల భావనకు అనుకూలంగానే ఉన్న ఆయన ఇరవై ఏళ్ల తరువాత దానికి ఎదురు తిరిగాడు. అనంత విశ్వంలో ట్రినిటీ కళాశాల అధ్యక్షునికి మించిన గొప్పవాడు లేడని నిరూపించడానికే ఈ పుస్తకం రాశాడని ఆ రోజుల్లో ఒక చలోక్తి పుట్టింది. హాస్యం బాగుంది గాని, పుస్తకం చదివితే అది అన్యాయమని తెలుస్తుంది.

మైక్రోస్కోపు జవాబుకు ఆయన ఒక పూర్తి అధ్యాయం కేటాయించి, అది సమస్యలో సగాన్నే తీరుస్తుందంటాడు. దేవుడు చిన్న ప్రాణులను కూడా పోషిస్తాడు, నిజమే. కాని మనిషితో దేవుని సంబంధం పోషణ మాత్రమే కాదు. మనిషికి నీతి తెలుసు, పాపం తెలుసు, చరిత్ర ఉంది, రక్షకుడు ఉన్నాడు. కోట్లాది గోళాల మీద ఇలాంటి చరిత్రలు కోట్లాది ఉన్నాయంటే ఈ చరిత్రకు ఉన్న ప్రత్యేకత ఏమిటి? చామర్స్ ఈ మెట్టు దాటివేశాడని హ్యూయెల్ గుర్తించడం న్యాయమే.

ఆ తరువాత వచ్చే భూగర్భశాస్త్ర వాదమే ఈ గ్రంథంలోని అసలైన కొత్తదనం. భూమి వయసు అపారమని అప్పటికి తెలిసింది. ఆ కాలంలో మనిషి ఉన్నది చివరి క్షణం మాత్రమే. అంటే దేవుడు కాలంలో అత్యధిక భాగాన్ని తెలివిగల ప్రాణి లేకుండానే ఉంచాడు. అలాంటప్పుడు స్థలంలో అత్యధిక భాగాన్ని అలాగే ఉంచడంలో వింత ఏముంది? భూమి అంతరిక్షంలో ఒక అణువైతే మానవ చరిత్ర కాలంలో ఒక అణువు. చేప పెట్టే గుడ్లలో, చెట్టు రాల్చే విత్తనాలలో ఎన్ని ప్రాణం పోసుకుంటాయి? తక్కినవి వ్యర్థమని దేవునిపై నేరం మోపుతామా? ‘వ్యర్థంగా చేయడు’ అనే వాదానికి ఇంతకన్నా సూటియైన జవాబు నేను చదవలేదు.

ఇక గ్రహాలను ఆయన ఒక్కొక్కటిగా పరిశీలించాడు. చంద్రునికి గాలి లేదు, నీరు లేదు. బృహస్పతి పరిమాణంలో పెద్దదే గాని సాంద్రతలో నీటికి దగ్గర. కాబట్టి అక్కడ నేల ఉండదు. ఆకర్షణ భూమి మీదికన్నా రెండున్నర రెట్లు. ప్రాణి ఉంటే గింటే ఎముకలు లేని జిగురుముద్దలాంటిదై ఉండాలి. సూర్యునికి మరీ దగ్గరైతే వేడి, మరీ దూరమైతే చలి. భూమి తిరిగే దారి సౌరకుటుంబానికి సమశీతోష్ణ మండలం. ఈనాటి శాస్త్రజ్ఞులు ‘నివాసయోగ్య మండలం’ అంటున్న భావన బీజరూపంలో ఇక్కడ ఉంది. ‘గ్రహం’ అనే ఒక్క పేరు పెట్టినంత మాత్రాన అన్నీ ఒకే జాతివి కావు, ప్రతిదాన్నీ విడిగా తూచాలి అన్నది ఆయన పద్ధతి.

పేరు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మన తెలుగు శ్రోతకు గ్రహం అనగానే నవగ్రహాలు, గ్రహచారం మనసులో మెదులుతాయి. ఆ తొమ్మిదిలో నక్షత్రమైన సూర్యుడున్నాడు, ఉపగ్రహమైన చంద్రుడున్నాడు, గోళాలే కాని రాహుకేతువులున్నారు. మనం నిలబడిన భూమి మాత్రం లేదు. గ్రీకు పదానికి అర్థం తిరుగాడేది అని. అబద్ధ బోధకులను దారి తప్పిన నక్షత్రాలతో పోల్చిన యూదా పత్రిక 13వ వచనంలో ఉన్నది ఆ పదమే. 2006లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య గ్రహానికి నిర్వచనం ఇచ్చి ప్లూటోను మరుగుజ్జు గ్రహాల జాబితాలో వేసింది. పుల్పిట్ నుండి ఈ విషయం మాట్లాడే కాపరి ముందుగా ఈ చిక్కు విప్పి చెప్పడం మంచిది. లేకపోతే వినేవారిలో సగం మంది జ్యోతిష్యాన్ని గురించి అనుకుంటారు.

ఇప్పుడు తెలిసినదాని వెలుగులో

హ్యూయెల్ కొన్ని చోట్ల ఘోరంగా తప్పాడు. నక్షత్రాలకు గ్రహాలుంటాయనడానికి ఆధారమే లేదన్నాడు. 1995లో మిషెల్ మేయర్, డిడియే క్వెలోజ్ 51 పెగాసి అనే సూర్యునివంటి నక్షత్రం చుట్టూ ఒక గ్రహాన్ని కనుగొన్నారు. దానికి 2019లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ గ్రహం బృహస్పతిలో దాదాపు సగం బరువున్నది. అయినా తన నక్షత్రాన్ని 4.2 రోజులకే చుట్టివస్తుంది. ‘వేడి బృహస్పతి’ అనే ఈ జాతి ఉంటుందని దాదాపు ఎవరూ ఊహించలేదు. 2009 నుండి 2018 వరకు పనిచేసిన కెప్లర్ టెలిస్కోపు తరువాత, గ్రహాలు లేని నక్షత్రాలే అరుదేమో అనే స్థితి వచ్చింది.

కాని ఆయన పద్ధతి మాత్రం గెలిచింది. దొరికిన గ్రహాలు భూమికి నకళ్లు కావు. వాయు మహాగ్రహాలు, నెప్ట్యూన్ వంటివి, ‘సూపర్ ఎర్త్’ అనే పెద్ద గోళాలు, భూమివంటి చిన్న రాతిగోళాలు అని స్థూలంగా నాలుగు రకాలు చెబుతారు. అయితే ఈ పేర్లు పరిమాణాన్నే చెబుతాయి గాని స్వభావాన్ని కాదు. ‘సూపర్ ఎర్త్’ అన్న పేరు చూసి అక్కడ పెద్ద భూమి, పెద్ద సముద్రాలు, పెద్ద అడవులు ఉన్నాయనుకోవడం పొరపాటు. అన్నిటికన్నా సాధారణంగా కనిపించే రకం భూమికీ నెప్ట్యూన్‌కూ మధ్య పరిమాణం గలది. అది మన సౌరకుటుంబంలో ఒక్కటి కూడా లేదు. భూమి ఒక నమూనా, తక్కినవన్నీ దాని ప్రతులు అని చామర్స్ తరం ఆధారపడిన సామ్యవాదం ఇక్కడే కూలిపోతుంది. మన పొరుగునే ఉన్న శుక్రుడు పరిమాణంలో భూమికి కవలవంటివాడు. అతని ఉపరితలం మీద వేడి 460 డిగ్రీల సెల్సియస్ పైమాటే, గాలి ఒత్తిడి ఇక్కడికన్నా దాదాపు 90 రెట్లు. కవలే గాని కొలిమి.

నివాసయోగ్య మండలంలో ఉన్నంత మాత్రాన నివాసం ఉన్నట్టు కాదు. దాదాపు 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్ర నక్షత్రం చుట్టూ భూమి పరిమాణంలో ఏడు గ్రహాలున్నాయని 2017లో ప్రకటించారు. పత్రికలు ఏడు భూములు దొరికాయని రాశాయి. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరిశీలనలు, వాటిలో లోపలి రెండింటికి దట్టమైన వాతావరణం ఉండకపోవచ్చని చూపాయి.

హ్యూయెల్ నీటిముద్దగా భావించిన బృహస్పతిని తలపించే ఒక కథ ఆయన విశ్వవిద్యాలయంలోనే ఇటీవల నడిచింది. కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న మన భారతీయ శాస్త్రజ్ఞుడు నిక్కు మధుసూదన్, ఆయన సహచరులు 2021లో ‘హైసియన్’ అనే కొత్త రకాన్ని ప్రతిపాదించారు. హైడ్రోజన్ నిండిన వాతావరణం కింద సముద్రం ఉండే గ్రహమని దాని భావం. అలాంటిది కావచ్చునని వారు భావించిన కే2-18బి, 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. భూమికన్నా వ్యాసంలో 2.6 రెట్లు, బరువులో దాదాపు 8.6 రెట్లు పెద్దది. 2023లో దాని వాతావరణంలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టు వెల్లడించారు. 2025 ఏప్రిల్‌లో, భూమి మీద ముఖ్యంగా సముద్రపు సూక్ష్మజీవులు విడుదల చేసే డైమిథైల్ సల్ఫైడ్ లేక దానివంటి వాయువు సూచనలు కనిపించాయన్నారు. యాదృచ్ఛికంగా అలా కనిపించే అవకాశం 0.3 శాతమని లెక్క కట్టారు. శాస్త్రంలో ఆవిష్కరణ అని చెప్పడానికి కావలసిన కట్టుదిట్టం ఇంకా చాలా ఎక్కువ. అదే సమాచారాన్ని తిరిగి పరిశీలించిన ఇతర బృందాలు అంత బలమైన ఆధారం లేదన్నాయి. ఆ వాయువు జీవం లేని ఒక తోకచుక్క మీద కూడా కనబడిందని 2024లోనే తేలింది. అంగారకుని మీద పర్సివరెన్స్ వాహనం 2024లో పరిశీలించిన ఒక రాతి సంగతీ ఇంతే. 2025 సెప్టెంబరులో ప్రచురించిన పరిశోధనాపత్రం అందులో గత జీవపు గుర్తు కాగలిగినది ఉందని మాత్రమే చెప్పింది, జీవం ఉందని చెప్పలేదు.

ఇక్కడ మనవారు గమనించవలసిన తేడా ఒకటుంది. శాస్త్రజ్ఞులు వెదకుతున్నది చాలావరకు సూక్ష్మజీవులను, లేదా అవి వదిలే వాయువులను. పెయిన్, చామర్స్, హ్యూయెల్ చర్చించినది తెలివి, నీతి గల ప్రాణులను గురించి. ఈ రెండిటినీ పత్రికల భాషలో ‘గ్రహాంతర జీవులు’ అనే ఒకే మాట కప్పేస్తుంది. అంగారకుని మట్టిలో సూక్ష్మజీవి దొరికినా, సిలువను గురించి మన వంటింటి పెరుగులోని సూక్ష్మజీవి లేవనెత్తిన ప్రశ్నకన్నా ఎక్కువ ప్రశ్న అది లేవనెత్తదు. ‘జీవం దొరికింది, ఇక బైబిలు పని అయిపోయింది’ అనే యవ్వనస్థునికీ, ‘ఇదంతా సైతాను మోసం’ అనే పెద్దకూ కాపరి చెప్పవలసిన మొదటి మాట ఈ తేడాయే.

వాక్యాన్ని వాదానికి లాగినప్పుడు

హ్యూయెల్‌కు జవాబుగా 1854లో భౌతిక శాస్త్రజ్ఞుడు సర్ డేవిడ్ బ్రూస్టర్ ఒక పుస్తకం రాశాడు. లోకాలు ఒకటికన్నా ఎక్కువ ఉన్నాయనేదే దాని పేరు, దాని వాదం. కోపం ఎక్కువ, వ్యాఖ్యానం తక్కువ. భూమిని వ్యర్థంగా కాక నివాసం కొరకే దేవుడు చేశాడనే యెషయా 45:18ని తిరగవేసి, నివాసులు లేకపోతే తక్కిన గోళాలు వ్యర్థమని నిర్ధారించాడు. ఆ వచనం ఉన్నది కోరెషును గురించిన ప్రవచనంలో. పాడైన యెరూషలేము మరల జనంతో నిండుతుందని చెరలోని ప్రజకు ఇచ్చిన ధైర్యం అది. గ్రహాల జనాభా లెక్క కాదు. దానికి పక్కనే యోబు 38:26 పెట్టి చదవాలి. మనుష్యుడు లేని ఎడారి మీద దేవుడు వర్షం కురిపిస్తాడు. ఎవరూ చూడని చోట గడ్డి మొలిపిస్తాడు. మనకు ప్రయోజనం కనబడనిదంతా వ్యర్థమనే కొలతను దేవుడే అక్కడ యోబు ముందు విరిచివేస్తున్నాడు. హ్యూయెల్ విత్తనాలతో చెప్పినదాన్ని లేఖనం వర్షంతో చెబుతోంది.

మన తెలుగు సంఘాలలో మరో రెండు వచనాలు వాడుకలో ఉన్నాయి. హెబ్రీయులకు 1:2లో మన అనువాదం ‘ప్రపంచములను’ అని బహువచనం వాడింది. దాన్ని పట్టుకొని అనేక గ్రహలోకాలు బైబిలులోనే ఉన్నాయనడం విన్నాను. మూలంలోని గ్రీకు పదం ‘అయోనాస్’. దానికి మొదటి అర్థం యుగాలు. కాలంతో కూడిన సమస్త సృష్టి అని అక్కడ భావం. అందులో కే2-18బికి చోటు వెదకడం వృథా ప్రయాస. అలాగే యోహాను 10:16లోని వేరే దొడ్డి గొర్రెలు అన్యజనులు. ఆ గొర్రెలలో మనమే ఉన్నాము. మనల్ని అందులోనుండి తీసి గ్రహవాసులను పెట్టడం సువార్తకు చేసే సేవ కాదు.

హ్యూయెల్ దాచిన పేజీలు

హ్యూయెల్ గ్రంథం ముద్రణకు వెళ్లేముందు కొన్ని అధ్యాయాలను ఆయనే తొలగించాడు. 2001లో మైకేల్ రూస్ సంపాదకత్వంలో వచ్చిన ముద్రణలో అవి వెలుగు చూశాయి. వేదాంతపరమైన ఆ భాగాలను తీసివేసినా, 1853 నాటి గ్రంథంలో వేదాంత చర్చ మిగిలే ఉంది. దాని వెనుక నడిపిస్తున్న ఆందోళన క్రీస్తును గురించినదే: నరావతారం ఒక్కటే అయితే, నరులు కానివారి సంగతి ఏమిటి?

ఆ ఆందోళన న్యాయమైనది. అపొల్లినారి బోధకు ప్రతిగా నజియాంజస్ గ్రెగొరీ చెప్పిన సూత్రం మన విద్యార్థులకు తెలిసినదే. కుమారుడు దేనిని ధరించలేదో దానిని స్వస్థపరచలేదు. హెబ్రీయులకు 2:16 కూడా ఆయన దూతల స్వభావాన్ని కాక అబ్రాహాము సంతానాన్ని చేపట్టాడంటుంది. దీనిని కఠినంగా వర్తింపజేస్తే, వేరొక స్వభావం గల పతిత ప్రాణులకు మన ప్రభువు ధరించిన మానవత్వం ఎలా మేలు చేస్తుందన్న చిక్కు వస్తుంది. దైవకుమారుడు మరో స్వభావాన్ని కూడా ధరించగలడని అక్వినాస్ పదమూడవ శతాబ్దంలోనే అంగీకరించాడు. ఆయన చర్చించింది శక్యతను, జరిగినదాన్ని కాదు. దీనికి ఎదురుగా హెబ్రీయులకు 9:26-28 ఒక్కసారే అనే మాటను గట్టిగా చెబుతోంది. కొలొస్సయులకు 1:20 ఆ ఒక్క సిలువ రక్తం ద్వారానే భూమి మీదివీ పరలోకమందలివీ సమాధానపడతాయంటోంది. విశాలతను పౌలు చెప్పాడు, విధానాన్ని చెప్పలేదు. వోరిలాంగ్ జవాబు ఈ వాక్యాలకు అన్నిటికన్నా దగ్గరగా ఉందని నా అభిప్రాయం. అయితే దాన్ని సిద్ధాంతంగా బోధించడానికి మనకు అధికారం లేదు.

సి. ఎస్. లూయిస్ 1958లో ఈ అంశంపై రాసిన వ్యాసంలో ప్రశ్నను మెట్లు మెట్లుగా విడదీశాడు. భూమి బయట ప్రాణులున్నాయా? వాటికి ఆత్మ, వివేకం ఉన్నాయా? ఉంటే అవి మనలాగా పడిపోయాయా? పడిపోయి ఉంటే వాటికి విమోచన నిరాకరించబడిందని మనకు తెలుసా? విమోచనకు మార్గం ఒక్కటేనని తెలుసా? మొదటి మెట్టు మీదే నిలబడి చివరి మెట్టు గురించి సంఘాన్ని కలవరపెట్టడం ఎంత అనవసరమో ఈ వరుస చూస్తే అర్థమవుతుంది. మూడవ మెట్టు చాలామంది మరచిపోయేది. తెలివి ఉన్నంత మాత్రాన పాపం ఉండాలని లేదు. లూయిస్ 1938 నాటి తన నవలలో అంగారకుని మీద పతనం ఎరుగని ప్రాణులను చిత్రించి, పాపాన్ని అక్కడికి మోసుకుపోయినవారిగా మనుష్యులను చూపించాడు.

హ్యూయెల్ చేసిన తప్పు ఆందోళన చెందడం కాదు. క్రీస్తు ప్రత్యేకతను కాపాడటానికి ఆకాశం ఖాళీగా ఉండి తీరాలన్నట్టు వాదాన్ని నడిపించడం. రేపు ఎవరైనా కనబడితే క్రీస్తు చిన్నబోతాడా? బేత్లెహేము యూదా గ్రామాలలో చిన్నదని మీకా ప్రవక్తకు తెలుసు. ఆ చిన్నతనం అభ్యంతరమని ఆయన అనుకోలేదు. రోమా సామ్రాజ్యంలో ఒక మూల ప్రాంతంలో జరిగిన మరణం సర్వలోకానికి చెందుతుందని నమ్మినవారికి, ఆ మూల గెలాక్సీలో ఒక మూలగా మారడం కొత్త సమస్య కాదు. పెయిన్ చూడనిది ఇదే. తన ఉత్తమ ఘడియలో చామర్స్ చూసినది కూడా ఇదే.

ఈ గ్రంథాలను చదవాలనుకునే విద్యార్థికి చామర్స్ రెండు, మూడు ప్రసంగాలు, హ్యూయెల్‌లో భూగర్భశాస్త్రం, గ్రహాలు గురించిన అధ్యాయాలు చాలు. బ్రూస్టర్‌ను సమయం ఉంటే చూడవచ్చు. చామర్స్ ఏడవ ప్రసంగాన్ని మాత్రం వదిలిపెట్టవద్దు. యెహెజ్కేలు 33:32 దానికి మూలవాక్యం. ప్రవక్త మాటలను కమ్మని పాటలాగా విని, విని వెళ్లిపోయే జనాన్ని గురించిన వచనమది. నక్షత్రాల వర్ణనకు పులకించిపోతున్న తన శ్రోతలకే ఆ గురువారం దాన్ని వినిపించాడు.